బిగించిన పెడల్

వాకిట్లో మౌంటెన్ బైక్‌తో సహా పడిపోయిన చెల్లెలి మొగుణ్ణి అన్న ఇనుప గొలుసుతో చావబాదుతున్నాడు.

"బావా, ఆగు! బూటు పెడల్‌కి బిగుసుకుపోయింది. మడమ తిప్పితే ఊడాల్సిన బూటు క్లిప్పు ఊడట్లేదు. ఒసేయ్, ఆ పెడల్ స్క్రూ వదులు చెయ్యవే!"

"పొద్దున బిగించింది నేనే," అంది చెల్లెలు. ఆమెకి ఒక చేతికి కట్టు, రెండో చేతిలో సంచి.

అన్న చెయ్యి ఆగింది. "కట్టేసిన గొడ్డుని కొట్టిస్తావా నాచేత? వదులు చెయ్యి. లేచాక తంతా."

"కొట్టడానికి కాదన్నయ్యా, వెళ్తుంటే వెంటపడకుండా బిగించాను. మొన్న గడియ పెట్టి చెయ్యి విరిచాడు."

"అంతదాకా ఎందుకు ఓర్చుకున్నావే? ముందే నా దగ్గరికి రావద్దూ!"

"రెండుసార్లు వచ్చాను. సర్దుకుపోవాలమ్మా అంటూ నువ్వే తెచ్చి దింపావు."

గొలుసు జారి నేలమీద పడింది. "పద, మనింటికి పోదాం."

"నీ ఇంటికి కాదు."

మొగుణ్ణి దాటినట్టే అన్ననీ దాటుకుని ఆమె గేటు తీసింది.