డీజిల్ పైపు

సరిగ్గా దుక్కి రోజులొచ్చేసరికి ట్రాక్టర్ మళ్ళీ మొరాయించింది.

పెద్దాయనకు ఒళ్ళు మండింది. మొన్న ఫ్యాన్ బెల్టు. అంతకుముందు డీజిల్లో నీళ్ళు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒక్కసారైనా తన ట్రాక్టర్ తనే తోలుకుంటూ పొలానికి వెళ్ళాలని ఆయన కోరిక. కర్ర పట్టుకుని షెడ్డు దాకా రావడమే గగనంగా ఉంది, ఇక కాలవ అవతలి పొలానికి నడవడం కల్ల. కానీ ఎప్పుడు బయల్దేరదామన్నా దీనికి ఏదో ఒక రోగం.

పొలమైతే మారుమాట లేకుండా కొడుకు పేర రాసిచ్చాడు గానీ, ట్రాక్టర్ తాళం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. అందుకే కొడుకు అద్దె ట్రాక్టర్‌తో దున్నిస్తున్నానన్నాడు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడం అంటే ఇదే మరి.

"మీకెందుకు నాన్నా ఈ తిప్పలు? పొలం సంగతి నేను చూసుకుంటున్నాగా" అనేసి కొడుకు బయటికి వెళ్ళిపోయాడు.

మెకానిక్ వచ్చాడు. వంగి చూశాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ముసలిదైపోయింది పెద్దాయనా. అమ్మేయండి."

"నాకంటే చిన్నదిరా. నన్ను కూడా అమ్మేయమంటావా?"

మెకానిక్ నవ్వలేదు. సామాను సర్దుకుని మెల్లగా జారుకున్నాడు.

ఇక లాభం లేదని పెద్దాయనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కింద మట్టి డీజిల్ తాగి నల్లబడి ఉంది. పైపును వేళ్ళతో తడుముతూ వచ్చి ఒకచోట ఆగాడు. అది అరిగిపోలేదు, చిట్లిపోలేదు. బ్లేడుతో కోసినట్టు సూటిగా గాటు.

ఇన్నాళ్ళూ పాపం నోరులేని బండిని తిట్టాడు.

"ఎవరే దీన్ని కోసింది?" అని అరిచాడు.

టీ తెస్తున్న భార్య షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేనే."

"మరి బెల్టు?"

"నేనే."

"నీళ్ళు కూడా?"

తలూపింది.

"ఆ మోకాలితో ఎక్కి ఎక్కడ పడిపోతారోనని భయమండీ. చెబితే వినే మనిషా మీరు?"

"కంచే చేను మేసిందన్నమాట! ఇన్నేళ్ళ కాపురంలో నేను నీ దగ్గర ఒక్క మాట దాచానా?"

ఆమె టీ గ్లాసు గుమ్మంలోనే పెట్టేసింది. ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దాయన టీ ముట్టలేదు. ప్రేమతోనే చేసి ఉండొచ్చు. అయినా మోసం మోసమే. కన్నీళ్ళు తుడుచుకుంటూనే షెడ్డులో దాచిన కొత్త పైపు బిగించాడు, క్యాన్‌లోని డీజిల్ పోశాడు, పంపు కొట్టి పైపులో చేరిన గాలి తీశాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

క్లచ్ తొక్కుతుంటే మోకాలు ప్రాణం తోడేసింది. పళ్ళ బిగువున తొక్కాడు. వెనక భార్య చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తోంది.

"ఆగండీ! మీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళకండీ!"

ఆయన వెనక్కి చూడలేదు. పడిపోనని భార్యకి చూపించాలి. ఆ పంతంతోనే కాలవ వంతెన దాటాడు, మలుపు తిరిగాడు, ట్రాక్టర్ ఆపాడు.

"ఎవరింటికి వెళ్ళాలి తాతా?" అని అడిగాడు, ఆయన పొలం చుట్టూ కట్టిన ప్రహరీ గేటు దగ్గరి కాపలా మనిషి.