రెప్పపాటు

“ఆ సంగతి ఇక్కడ బయటపెట్టారంటే నా మీద ఒట్టే!” అంది ఫోటోగ్రాఫర్ భార్య, మొగుడి చొక్కా కాలర్ సర్దుతూ.

గ్యాలరీ హాలు గోడల నిండా ఆయన తీసిన ఫోటోలే. నలభై ఏళ్ళ కిందటి జాజ్, బ్లూస్ కళాకారులు. ట్రంపెట్ ఊదే బక్కాయన, పియానో ముందు బొద్దావిడ, గిటార్ తాత, అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఓ మూల వాళ్ళ రికార్డులే తిరుగుతున్నాయి.

“పాటలో ఎలా మునిగిపోయారో చూశారా! ఆత్మను పట్టిన కెమెరా అండీ ఇది,” అని వచ్చినవాళ్ళకి చూపిస్తోంది గ్యాలరీ మేనేజరమ్మ.

“ఆత్మా లేదు, నా బొందా లేదు,” గొణిగాడు ఫోటోగ్రాఫర్. “ఫ్లాష్ కళ్ళలో కొట్టి అందరూ రెప్ప వేశారు. నాది కాని పొగడ్త ఇంకా ఎన్నేళ్ళు మింగనే?”

“మెల్లగా! గోడలకి చెవులుంటాయి.”

అంతలో చేతికర్ర ఊతంతో ఓ పెద్దాయన లోపలికి వచ్చాడు. అన్నిటికన్నా పెద్ద ఫోటోలో ఉన్న శాక్సాఫోన్ విద్వాంసుడు ఆయనే! ఫోటోగ్రాఫర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఫ్లాష్ దెబ్బ తిన్న మనిషికి నిజం తెలియకుండా ఉంటుందా?

పెద్దాయన తన ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఇది తీసిందెవరు?”

భార్య మోచేత్తో పొడిచింది. అయినా ఫోటోగ్రాఫర్ ఆగలేకపోయాడు.

“నేనేనండీ. మీరప్పుడు పాటలో మునగలేదు, నా ఫ్లాష్‌కి రెప్ప వేశారు. తప్పు నాదే. అందరికీ చెప్పేయండి, నేనేమీ అనుకోను.”

భార్య నెత్తి కొట్టుకుంది.

“నాకు తెలీదా తమ్ముడూ!” పెద్దాయన పకపకా నవ్వి ఫోటోగ్రాఫర్ భుజమ్మీద చెయ్యేశాడు. “అప్పటిదాకా ఎదురుగా స్వరాలు రాసిన కాగితం పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు ఊదేవాణ్ణి. ఈ ఫోటో రికార్డు అట్టమీద వేశారు. ఇంకేముంది! ఎక్కడికెళ్ళినా, అలా కళ్ళు మూసుకుని వాయించమని జనం ఒకటే గోల.”

“అయ్యయ్యో! ఎంత ఇబ్బంది పెట్టానండీ మిమ్మల్ని!”

“పెట్టావు మరి! కళ్ళు మూసుకుంటే కాగితం కనపడదుగా? నీ ఫ్లాష్ పుణ్యమా అని సొంతంగా వాయించడం వచ్చింది నాకు.”