ఎనిమిది వందల కేలరీలు

“ఎనిమిది రొట్టెలుండాల. ఆరే ఉండాయి. రెండు యాడ పోయినాయి?”

శ్రీవాసవి అరుపుకు మహాదేవమ్మ ఉలిక్కిపడింది.

“నువ్విచ్చిన పిండికి అన్నే అయినాయమ్మా.”

“పిండి నేనే కొలిచిచ్చినా. నాకు లెక్క రాదా?”

ఆలూరులో కిరాణా కొట్టు తేజేశ్వర్ ఇల్లు అది. మహాదేవమ్మ పనిలో చేరి ఇరవై రోజులైంది. పొద్దున్నే వచ్చి జొన్నరొట్టెలు తట్టి పోతుంది. రోజుకు నాలుగు గ్లాసుల పిండి, ఎనిమిది రొట్టెలు. అందులో రెండు ఆమెవి. ఒక్కనాడూ కూర్చుని తినలేదు, కొంగున కట్టుకుని పోయేది.

శ్రీవాసవి డైటింగు మొదలుపెట్టి నెల. తమ్ముడి పెళ్లిలోపు పది కిలోలు తగ్గాలి. రోజుకు ఎనిమిది వందల కేలరీలు దాటొద్దని ఫోనులో యాప్ చెప్పింది. కీరదోస ముక్కలు, మజ్జిగ, ఒక గుడ్డు.

ఐదు కిలోలు తగ్గింది. నిద్ర కూడా తగ్గింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. భర్త ఉప్పు అడిగినా కసురుతోంది.

“తగ్గేది నువ్వు, అరిగిపోయేది మేము,” అన్నాడు తేజేశ్వర్.

పనిలో చేరిన రోజే మహాదేవమ్మ అడిగింది.

“రొట్టె ముట్టవు. ఒక్కపొద్దా తల్లీ?”

డైటింగంటే ఏమిటో చెప్పే ఓపిక లేక శ్రీవాసవి “ఊఁ” అంది.

“ఏం మొక్కుకున్యావు?”

“కంటికింత నిద్ర పడితే చాలు.”

మహాదేవమ్మ నవ్వలేదు. దండం పెట్టుకుంది.

“ఈ పని దొరికినందుకు ఈయేడు సుగ్గికి పోయేది తప్పిందమ్మా,” అంది. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోవడం. నడుం వంచి చేలో నిలబడే మోకాళ్లు కావు ఆమెవి.

ఆ మాటలేవీ ఇప్పుడు శ్రీవాసవికి గుర్తు లేవు.

“ఈడ కూర్చుని తినమంటే తినవు. మూట కట్టేదానికి రెండైతేనేం, నాలుగైతేనేం! రేపట్నుంచి రావద్దు.”

“మూడు దినాల్లో సుగ్గి లారీ పోతాది తల్లీ. ఇంకోసారి ఆలోచన జెయ్యి.”

“చెప్పినా గదా, పో!”

మహాదేవమ్మ చేతులకంటిన పిండి కడుక్కుంది. ఆరు రొట్టెల మీద గుడ్డ కప్పింది. తన రెండూ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

వారం తర్వాత శ్రీవాసవి కొట్లో కళ్లు తిరిగి పడిపోయింది.

ఆసుపత్రిలో నర్సు ప్రేమమ్మ ఆమె తిండి సంగతి విని బుగ్గలు నొక్కుకుంది.

“నిద్ర రానిదీ, కోపమొచ్చేదీ, మతి తప్పేదీ, అన్నీ ఆకలేనమ్మా. ముందు ఇంత అన్నం తిను.”

తింది. నాలుగు రోజులకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.

నిద్రతో పాటు జ్ఞాపకమూ తిరిగొచ్చింది. ఆ రోజు పిండి కొలుస్తుంటే ఫోను మోగింది. తను మూడో గ్లాసు దగ్గరే ఆపేసింది.

పరుగున మహాదేవమ్మ ఇంటికి పోయింది. తలుపుకు తాళం.

పక్కింటి రమణి చేట పక్కన పెట్టి లేచింది.

“సుగ్గికి పాయ గదమ్మా! మోకాళ్లు పట్టుకోనే లారీ ఎక్కె.”

“ఫోన్ నెంబరుందా?”

“ఆమెకు ఫోను యాడిది?”

శ్రీవాసవి గుమ్మంలో కూర్చుంది.

“నేనే తప్పు చేసినా రమణీ. రోజూ రొట్టెలు మూట కట్టుకుంటాంటే, దొంగనుకున్యా.”

“ఆ రొట్టెలా? మా పిల్లోళ్లు తినిరి. ఆమె ముట్టితే గదా! పొద్దంతా కడుపు మాడ్చుకుని, రాత్రికి ఇంత గంజి తాగేది. శానా చెప్పినా, వినలే.”

“ఎందుకూ?”

“‘మా అమ్మగారు నిద్ర కోసం ఒక్కపొద్దుంటాంది, ఒక్కతే ఉంటే మొక్కు ఎప్పటికి తీరాల’ అని, నీకు తోడుగా ఆమె గూడా ఒక్కపొద్దు పట్టె. నీకు నిద్ర పట్టిందని ఎవరన్నా చెప్పేదాకా ఇడిసేది లేదని, లారీలో గూడా ఏమీ తినకుండానే పాయ తల్లీ.”