కొండ కింద బోరు

ఇంద్రాణి బస్సులో కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి, పక్క సీటులోని ముసలాయన ఆమె సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగేస్తున్నాడు.

అది తాగే నీళ్ళ సీసా కాదు. తనకల్లు దగ్గర ఒక పల్లెలో పొద్దున్నుంచీ ఎండలో తిరిగి, బతిమాలి, బోరు దగ్గర పట్టుకొచ్చిన శాంపిల్.

అది 2002 ఎండాకాలం. గుంతకల్లు రైల్వే గార్డు కూతురు ఇంద్రాణి, అనంతపురంలో పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చదువుతోంది. ఆ పల్లె బోర్లలో ఫ్లోరైడు ఎంతుందో కొలవడమే ఆమె థీసిస్.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. అడక్కుండా ఎట్లా తాగుతారని కేకలేసింది. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

ముసలాయన మూత బిగించి, సీసాను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దప్పికయితాంటే తాగినా పాపా. మా ఊరి నీళ్ళే గదా. పద, మళ్ళా పట్టిస్తా."

తర్వాతి స్టేజీలో ఆమెను దింపి, ఎదురు బస్సెక్కించి, ఊళ్ళోకి తీసుకుపోయాడు.

పేరు వెంకటప్ప. మోకాళ్ళు పూర్తిగా చాపలేడు, పూర్తిగా ముడవలేడు. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆ నీళ్ళే తాగి పెరిగిన ఆ ఊళ్ళో, నడివయసు దాటిన చాలామంది సంగతి అదే. పిల్లలు నవ్వితే పళ్ళ నిండా గోధుమరంగు చారలు.

అప్పట్నుంచి ఆమె వచ్చిన ప్రతిసారీ వెంకటప్ప బస్సు దిగేచోట కాచుకుని ఉండేవాడు. అంతకుముందు బోరు దగ్గరికే రానివ్వని వాళ్ళు, ఆయన వెంట ఉంటే నోరెత్తేవాళ్ళు కాదు. సీసాలు తడిగుడ్డలో చుట్టి తనే మోసేవాడు. తినకుండా కదలనిచ్చేవాడు కాదు. రాగిసంకటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి ముందు పెట్టి, ముద్ద పెద్దది చేసి తినమని కసిరేవాడు.

తాతల ముచ్చట ఎరగని ఇంద్రాణికి ఆ కసురు బాగుండేది. ఈయనకు వేరే పనీ పాటా లేదు కాబోలు అనుకునేది.

చలికాలానికి ల్యాబు పని పూర్తయింది. ఊళ్ళోని బోర్లన్నీ చెడ్డవే. ఊరికి దూరంగా, కొండ కింద మల్బరీ తోటలో ఉన్న ఒక్క బోరులో మాత్రం మంచినీళ్ళు. థీసిస్ గైడు సోమశేఖర్ నమ్మక పరీక్ష మళ్ళీ చేయించాడు. మళ్ళీ అదే ఫలితం.

ఆ బోరు ఇస్తే పైపు వేసి నీళ్ళు ఊళ్ళోకి తెస్తామని మండలాఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. చిక్కల్లా ఒకటే. ఆ కాస్త నీళ్ళు తోటకైనా సరిపోవాలి, ఊరికైనా సరిపోవాలి.

బోరు ఎవరిదని అడిగింది ఇంద్రాణి. ఆయన కదిరిలో ఉంటాడనీ, తాను మాట్లాడతాననీ చెప్పాడు వెంకటప్ప.

ఆ తర్వాత ఎప్పుడడిగినా ఏదో ఒక అడ్డంకి. ఆలోచిస్తానన్నాడని ఒకసారి. బోర్లు ఎండీ ఎండీ, ఇన్నాళ్ళకు నీళ్ళు పడితే ఎట్లా వదులుకునేదని తలపట్టుకున్నాడని ఇంకోసారి. పెండ్లాం ఏడుస్తోందట అని మరోసారి.

ఇంద్రాణికి విసుగొచ్చింది.

"ఊరందరి కాళ్ళూ వంగిపోతుంటే ఆయనకు మల్బరీ ఆకు ముఖ్యమా? ఇంత స్వార్థం ఏంటి తాతా?"

వెంకటప్ప కొండవైపు తిరిగాడు.

"అవును పాపా. ఆశ చెడ్డది."

తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆ నీళ్ళు తాగితే పుట్టే బిడ్డలు మా మాదిరి కాకుండా ఉంటారా? నిజం చెప్పు."

"నిజం తాతా. వాళ్ళకు ఈ జబ్బు రాదు."

ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

మళ్ళీ ఆమె వచ్చినప్పుడు, బోరాయన సరేనన్నాడని కబురు చెప్పాడు. ఇంద్రాణి సంతోషంతో ఆయన చేతులు పట్టుకుంది. కదిరికి పోయి ఆ మహానుభావుడికి దండం పెట్టొస్తానంది. ఇప్పుడొద్దులే, ఆయన మనసు బాగలేదని ఆపేశాడు వెంకటప్ప.

ఇంద్రాణి చదువు పూర్తయింది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండగానే మూడేళ్ళు గడిచిపోయాయి.

చివరికి వెంకటప్పకు పంచెలచాపు కొనుక్కుని ఒక ఆదివారం బస్సు దిగింది. వీధి మొగన కొళాయి. ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని కబుర్లాడుకుంటున్నారు. ఆమె కడుపు నిండిపోయింది.

వెంకటప్ప ఇల్లు చూపించమంటే, ఆయన భార్య ఓబులమ్మే బిందె దించి ఎదురొచ్చింది.

"నీళ్ళ పాపవు గదా నువ్వు? నీ గురించి శానా చెప్తాండె." కొంగుతో అరుగు దులిపి కూర్చోబెట్టింది. "పోయిన ఉగాదికి ముందర బెంగళూరులో చచ్చిపోయినాడమ్మా. ఆడ యాదో బిల్డింగుకు వాచ్‌మెన్‌గా ఉండె."

పంచెలచాపు ఇంద్రాణి ఒళ్ళోనే ఉండిపోయింది. ఆ వయసులో, ఆ కాళ్ళతో ఆయన్ని బెంగళూరుకు ఎందుకు పోనిచ్చారని అడిగింది.

ఓబులమ్మ గొంతులో కోపమేమీ లేదు.

"ఏం చేస్తాడు పాపా? మాకు కొండ కింద ఆ ఒక్క బోరే ఉండె, అది ఊరికిచ్చేసినంక ఇంగ సేద్యం యాడిది?"