బాగున్నవాళ్ళ కట్ట

"కదలకు రాజమణమ్మా. ఇది ఉత్త జిగురే. ఇంటికి పోయి కుంకుడుకాయతోని రెండుసార్లు రుద్దుకోవాలె. ఒక్కసారికి పోదు."

వైకుంఠం ఆమె తలకు ఆఖరి వైరు అంటించాడు. ఆసుపత్రిలో మెదడు గీతలు తీసే మిషన్ నడిపేది అతనే. మూడు దాటినా అతని టిఫిన్ డబ్బా మూత తీయకుండా బల్ల మీదే ఉంది.

"ఇంకా తినలేదా?" అంది డాక్టర్ సుచరిత.

"పొద్దుగాల మస్తు తిన్న మేడమ్. ఇంకింత తింటే ఈ కుర్చీల నేను పట్ట."

రాజమణి నవ్వలేదు. ఆరు నెలలుగా ఆమెకు మాట లేదు, నిద్ర లేదు. పొయ్యి ముందు నిలబడి ఏం వండాలో మరిచిపోతోంది. ఉప్పుగూడ నుంచి తీసుకొచ్చిన భర్త సీమోను తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మా అమ్మ ఇదంతా యాక్టింగ్ అంటున్నది మేడమ్. మీ కాగితంల ఏం లేదని వస్తే పుట్టింట్ల దించి వస్త. ఇగ నాతోని కాదు."

"ముందు కాగితం రానివ్వండి," అంది సుచరిత.

రాజమణి ముందున్న తెర మీద మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. నేనంటే అందరికీ ఇష్టం. నేను దేనికీ పనికిరాను. నేను అందరికీ భారం. అవునంటే పచ్చ మీట, కాదంటే ఎర్ర మీట. దిగులు జబ్బు ఉన్నవాళ్ళకు తమ గురించి చెడ్డమాట కనబడగానే గీత పైకి లేస్తుందని, బాగున్నవాళ్ళకు అంత లేవదని సుచరిత నమ్మకం. ఆ తేడా తేల్చడానికి బాగున్నవాళ్ళ కాగితాలు పది కావాలి.

అవి దొరకడమే గగనమైంది. పాతబస్తీలో బుద్ధి సరిగ్గా ఉన్నవాడెవడు పిచ్చి మిషన్‌లో తల పెడతాడు? నలుగురూ చూస్తే ఇంకేమన్నా ఉందా? సుచరిత నెల రోజులు బతిమాలినా ఒక్కరూ రాలేదు. వైకుంఠం మాత్రం వారం తిరక్కుండా పది కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అఫ్జల్‌గంజ్‌ల మనకు దోస్తులు మస్తు మేడమ్. మీరు వచ్చేలోపే పొద్దుగాల కానిచ్చిన."

ఆమె మెచ్చుకుని, మొదటి రోగి వచ్చేదాకా ఆ కట్ట విప్పకుండా దాచింది. ఆ మొదటి రోగి రాజమణే.

పరీక్ష అయ్యాక సుచరిత కట్ట విప్పి, పై కాగితం పక్కన రాజమణి కాగితం పెట్టింది. రెండోది తీసింది. మూడోది తీసింది.

"ఏమొచ్చింది మేడమ్?" అన్నాడు సీమోను.

"తేడా కనబడటం లేదండీ."

"అంటే బాగున్నోళ్ళ లెక్కనే ఉన్నదన్నట్టు గదా?"

రాజమణి చెప్పులు వేసుకుంది. "పోదాం పా. అత్తమ్మ చెప్పిందే నిజమేమో." ఆ రోజు ఆమె మాట్లాడింది అంతే.

"కూర్చోండమ్మా," అంది సుచరిత. పదీ వరసగా పరిచింది. 'భారం' దగ్గర పదింటిలోనూ పచ్చ మీటే నొక్కి ఉంది. పదింటిలోనూ గీత రాజమణి గీత లేచినచోటే, దానికంటే పైకి లేచింది. సుచరితకు భయమేసింది.

"సీమోనుగారూ, మీ ఆవిడది నటన కాదు, జబ్బే. మందు ఉంది. ఆమెను ఎక్కడా దించకండి. తప్పు ఈ కట్టలో ఉంది."

సీమోను భార్య చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

సుచరిత వెనక్కి తిరిగింది. "వైకుంఠం, వీళ్ళు బాగున్నవాళ్ళు కారు. ఈవిడ కంటే పెద్ద కష్టంలో ఉన్నారు. పదిమందినీ ఇవాళే పిలిపించాలి. ఎవరు వీళ్ళు?"

వైకుంఠం డబ్బాను సంచిలో పెట్టబోయి ఆగాడు. చేత్తో జుట్టు తడుముకున్నాడు.

"ఆ పదిమందీ నేనే, మేడమ్."