ఎడమ కడ్డీ

“ఈ మోకాలు కొండ పైదాకా రాదు,” అన్నాడు తులియో.

“రాకపోతే ఈడ్చుకెళ్తాను బాబాయ్,” అంది నివెస్. ఐసుముక్కల సంచి ఎడమ మోకాలికి అదుముకుని, అతని సైకిలు షాపులో గచ్చు మీద కూర్చుని ఉంది. పందెం ఇంకో గంటలో మొదలవుతుంది. సాంత ఉర్సుల కొండ మీద పెద్ద జట్టు మేనేజరు బ్రుసెత్తి నిలబడి చూస్తాడు. ఈ ఊరి క్లబ్బులోంచి ఒక్క అమ్మాయినే తీసుకుంటానని ముందే కబురు పెట్టాడు.

“పెడలు కడ్డీలు నాకు పొడుగయ్యాయేమో, చూడరాదూ?”

తులియోకి చుర్రుమంది. “కాలెంతో కడ్డీ అంత. చెప్పులు విప్పించి, గోడకి నిలబెట్టి, తొడల మధ్య లావుపాటి పుస్తకం పెట్టి మరీ కొలిచాను. నీకు నూట డెబ్బై మిల్లీమీటర్లు. అర సెంటీమీటరు తేడా వచ్చిందా, కొండ సగంలో మోకాలు మొరాయిస్తుంది. నా కొలత తప్పిన రోజున షాపు మూసేస్తాను. లోపం నీ మోకాల్లో ఉంది, నా కడ్డీలో లేదు.”

గోడవారన సైకిలుకి గాలి కొడుతున్న డొరియానా ఈ మాటలన్నీ వింది. ముఖ్యంగా ఆ అర సెంటీమీటరు మాట.

మూడేళ్లుగా ప్రతి పందెంలోనూ ఆమె నివెస్ వెనకే వచ్చింది. ఇరవై ఏడు నిండాయి. ఈ ఏడు కూడా ఎవరూ పిలవకపోతే వాళ్ల నాన్న పనిచేసే కుర్చీల కార్ఖానాలో చేరాలి. పొద్దస్తమానం కుర్చీలకి కాళ్లు బిగించే పని.

“కాఫీకి రావే,” అని పిలిచింది నివెస్, లేస్తూ.

“మీరు పదండి. గాలి చూసుకుని వస్తాను.”

ఆ ఊళ్లో కాఫీ అంటే నిలబడి రెండు గుక్కల్లో కానిచ్చేదే. తులియో ఎదుటి కాఫీ బారులోకి అడుగుపెట్టాడో లేదో, డొరియానా పాత సామాన్ల పెట్టెలో చెయ్యి పెట్టింది. ఓ కడ్డీ దొరికింది, అదే నలుపు, అదే రకం, నూట అరవై అయిదు. నివెస్ సైకిలు ఎడమ కడ్డీ ఊడదీసి దీన్ని ఎక్కించింది. తప్పని తెలీక కాదు. పానా జారి వేలి కణుపు చీరుకుపోయినా ఆగలేదు.

చివరి తిప్పు బిగిస్తుండగా గుమ్మానికున్న పూసల తెర గలగలమంది.

గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. తెర మాత్రం ఊగుతోంది. బయట ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

పందెం మొదలయ్యాక డొరియానా నివెస్ వెనక చక్రాన్ని వదల్లేదు. కళ్లన్నీ ఆ ఎడమ కాలి మీదే. మొదటి మలుపులో ఆగిపోతుందనుకుంది. లేదు. వాలు నిటారుగా లేచే రెండో మలుపులో తప్పదనుకుంది. అక్కడ నివెస్ ఒక్కసారి వెనక్కి తిరిగి డొరియానాను చూసింది. ఆ చూపేమిటో డొరియానాకు అర్థం కాలేదు. ఆ తర్వాత నివెస్ పిచ్చెక్కినట్టు తొక్కడం మొదలుపెట్టింది. ఊపిరి అందక మధ్యలో చేతులెత్తేసింది డొరియానాయే.

ఆమె పైకి చేరేసరికి నివెస్ సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉంది. తులియో టేపు పట్టుకుని దాని ముందు గొంతుకూర్చున్నాడు. పక్కన నివెస్, బ్రుసెత్తి. ముగ్గురూ ఒకేసారి తలెత్తి డొరియానాను చూశారు. ఆమె చీరుకుపోయిన వేలిని గుప్పిట్లో దాచుకుంది.

“కుడిది నూట డెబ్బై. ఎడమది నూట అరవై అయిదు,” అన్నాడు తులియో. “ఇది నా చేత్తో బిగించింది కాదు.”

“బిగిస్తుంటే నేను చూశాను,” అంది నివెస్. “గ్లవ్స్ మర్చిపోయి వెనక్కొచ్చాను. తెర దగ్గర నిలబడి చూశాను.”

ఇక అంతా అయిపోయిందనుకుంది డొరియానా. నివెస్ వచ్చి ఆమెను గట్టిగా కావలించుకుంది.

“ముందు నీ మీద ఒళ్లు మండిందే. కడ్డీ మళ్లీ మార్పించాలనుకుంటూనే సైకిలెక్కాను, రెండు వీధులు తొక్కితే గానీ తెలిసిరాలేదు. మూడేళ్లలో నొప్పి లేకుండా తొక్కడం ఇదే మొదలు. చిన్నప్పుడు విరిగి అతికిన కాలది, రెండోదానికన్నా పొట్టి. తెలిస్తే ఏ జట్టూ తీసుకోదని బాబాయ్‌కి కూడా చెప్పలేదు. పొద్దస్తమానం నా వెనకే వస్తావు కదా, నీకు కాక ఎవరికి కనబడుతుంది? నేను దాచుకున్నానని నువ్వూ గుట్టుగా మార్చావు.”

తులియో మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి డొరియానా కళ్లలోకి చూశాడు.

“రెండు కాళ్లూ కలిపి కొలిచానే గానీ, దేనికది కొలవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. నీకు పుట్టిందా? ఆ కాలు పొట్టిదని తెలిసే మార్చావా, అమ్మాయ్?”

తెలీదంటే ఎందుకు మార్చావంటాడు.

“తెలిసే,” అంది డొరియానా.

బ్రుసెత్తి తల పంకించాడు. “ఇలాంటి కన్ను మా జట్టులో ఒక్కరికీ లేదు. సోమవారం ఇద్దరూ వచ్చి చేరండి.”

డొరియానాకు ప్రాణం లేచొచ్చింది. “ఒక్క చోటే ఉందన్నారు కదండీ?”

“తొక్కడానికి ఒక్క చోటే. నువ్వు పానాలు తెచ్చుకో.”