జత కప్పుల్లో చిన్నది

"ఎవరు పగలగొట్టారు?"

టీచరమ్మ అడగ్గానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా సర్వేయర్ వైపు తిరిగారు. అతను తువ్వాలు మూట విప్పి, నీలిరంగు కప్పు పెంకుల్ని బల్లమీద పరిచాడు.

"మా ఆవిడండీ," అన్నాడు. "విసిరికొట్టింది."

అందరూ గొల్లున నవ్వారు.

"ఎందుకు బాబాయ్ గారూ?" అంది కొత్త పెళ్లికూతురు, మొగుణ్ణి మోచేత్తో పొడుస్తూ.

"కూరలో ఉప్పు ఎక్కువైందన్నాను."

"అంతమాత్రానికేనా?"

"రెండోసారి కూడా అన్నానమ్మా."

ఇంకోసారి నవ్వులు. సర్వేయర్ కుర్చీని కొంచెం ముందుకు లాక్కున్నాడు.

శుక్రవారం పేపర్లో 'ఈ వారాంతం' అని ఒక శీర్షిక వస్తుంది. బీమా కంపెనీలో పగిలినవీ విరిగినవీ చూసి నష్టం తేల్చే సర్వేయర్‌గా రిటైరయ్యాక అతని శనివారాలన్నీ ఆ శీర్షిక చెప్పినట్టే నడుస్తున్నాయి. ఈసారి అన్నీ జపాన్ సంగతులే. ఢంకాల కచేరీ, పాత నలుపు తెలుపు సినిమా, కాగితపు కొంగల ప్రదర్శన, చిట్టచివర ఈ క్లాసు. పగిలిన పింగాణీని అతికించి, అతుకుల మీద బంగారు రంగు పొడి అద్దే విద్య. సినిమాకి వెళ్తే చీకట్లో కూర్చుని చీకట్లోనే లేచి రావాలి. పక్కసీటాయన కాళ్లు ముడుచుకుని దారివ్వడమే పలకరింపు. ఇక్కడ మాత్రం నోరు విప్పి తీరాలని నిబంధన: "మీ ఇంట్లోవాళ్ల చేతిలో పగిలిన వస్తువు తెచ్చుకోండి. దాని కథ అందరికీ చెప్పండి." ఆ రెండు వాక్యాల్నీ అతను కాఫీ చల్లారేదాకా చదివాడు.

టీచరమ్మ పెంకుల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"ఒక్క ముక్కా పోలేదే! నేలమీద పడితే ఏదో ఒకటి బీరువా కిందికి దూరాల్సిందే."

"ఏరడంలోనూ ఆవిడకి పట్టుదలే."

"జపాన్‌లో వీటిని జతగా అమ్ముతారండీ. పెద్దది భర్తకి, చిన్నది భార్యకి. ఇది చిన్నది. అంటే ఆవిడ తన కప్పే పగలగొట్టుకుందన్నమాట!"

"ఎంత కోపంలోనూ నా కప్పు జోలికి రాదు," అన్నాడు సర్వేయర్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెళ్లికూతురు మొగుడి భుజానికి కాస్త ఆనుకుంది.

తర్వాతి వంతు శాలువా కప్పుకున్న ఆవిడది. తెల్లటి పళ్లెం, ఐదారు పెంకులు.

"మా మనవడు," అంది నేలచూపులు చూస్తూ. "ఇంట్లో బంతాట వద్దురా అంటే వినడు."

సర్వేయర్ కళ్లు వాటంతటవే పళ్లెం మీదికి పోయాయి. దెబ్బ సరిగ్గా నడిమధ్యలో పడింది. అక్కణ్నుంచి పగుళ్లు చక్రం ఆకుల్లా అంచులదాకా పాకాయి. బంతి తగిలి కిందపడ్డ పళ్లెం అంచున పగులుతుంది. ఇది బోర్లించి, గుడ్డ వేసి, పైనుంచి ఒకే దెబ్బ కొట్టినది. ఒక పెంకు అడుగున కొట్టువాళ్లు అంటించిన ధర చీటీ సగం గీకి వదిలేసి ఉంది.

"మనవడి గురి అదిరిందండీ!" అన్నాడు పెళ్లికొడుకు. "సుత్తితో కొట్టినట్టు నట్టనడుమ తగిలింది. బంతికి ఇలా పగులుతుందా? సర్వేయర్ గారు చెప్పాలి. మీరు ఇలాంటివెన్ని చూసుంటారు!"

శాలువా ఆవిడ తల ఎత్తలేదు. చేతులు మాత్రం పెంకుల్ని సంచీ వైపు దగ్గరికి లాక్కుంటున్నాయి. ఒక్క మాట తేడాగా పడితే లేచి వెళ్లిపోతుంది. మళ్లీ ఏ శనివారమూ ఎక్కడా కనపడదు.

"బంతే," అన్నాడు సర్వేయర్. "పళ్లాన్ని అలమరలో నిలబెట్టి ఉంటారు. ఎదురుగా వచ్చి తగిలితే దెబ్బ నడుమే పడుతుంది. ఇలాంటి కేసులు బోలెడు చూశాను."

"అయిందా? పెద్దాయన్ని అడిగి మరీ తల దించుకోవాలా?" అంది పెళ్లికూతురు.

శాలువా ఆవిడ చేతులు ఆగాయి. పెంకుల్ని మెల్లగా మళ్లీ బల్లమీదికి జరిపింది. సర్వేయర్ ఒక ముక్క టేపు చింపి, ఏమీ ఎరగనట్టు, ధర చీటీ కనపడకుండా ఆ పెంకుకి అంటించాడు.

క్లాసు అయ్యాక ఆవిడ మెట్ల దగ్గర అతని కోసం నిలబడి ఉంది.

"మీకు తెలిసిపోయింది కదూ?"

"అలవాటైన కళ్లండీ."

"మనవడూ లేడు, ఎవరూ లేరు. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో ఏదీ పగలదండీ. పొద్దున ఎక్కడ పెట్టింది రాత్రికీ అక్కడే ఉంటుంది. ఇక్కడికి రావాలంటే పగిలింది ఒకటి ఉండాలన్నారు. అందుకని..."

"వచ్చే శనివారం మెరుగు పెట్టడం నేర్పుతారట. రండి."

"మనవడి సంగతి అడిగితే?"

"ఈసారి కిటికీ అద్దం లేపేశాడని చెప్పండి."

ఆవిడ నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే శాలువా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి. చూడాలనుంది."

"అడుగుతాను. మొండి మనిషి."

"పోట్లాడే మనిషి ఇంట్లో ఉండడం కూడా అదృష్టమేనండీ."

సర్వేయర్ చొక్కా గుండీ సరిగ్గానే ఉన్నా మరోసారి సరిచేసుకున్నాడు.

"అదృష్టమేనండీ," అన్నాడు.

ఇంటికొచ్చి తాళం తీసి లైటు వేశాడు. తువ్వాలు దులిపితే తెల్లటి నలుసులు రాలాయి. అతికించిన చిన్న కప్పుని అలమరలో పెద్దదాని పక్కన పెట్టాడు. పెద్దదాని చుట్టూ కొట్లో చుట్టిన కాగితం ఇంకా అలాగే ఉంది. పొద్దున వండిన కూర వేడిచేసి, పళ్లెంలో వడ్డించుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందిలే," అన్నాడు పైకే, కప్పుల వైపు చూస్తూ.

అతనికి పెళ్లే కాలేదు.